తొలి సాయంకాలము: ప్రయత్నమా, ప్రసాదమా?

అనురాగమును ముందుగా ఏర్పాటు చేసికొనుట సాధ్యమా? ఒక నగరమున ఒక చోటును ఎన్నుకొని, ఒక సాయంకాలమును నిర్ణయించుకొని, అంతవరకు ఒకరినొకరు మాటలచేతనే గాని చూపుచేత నెరుగని యువతీయువకులిద్దరు ఆ వేళకు అచ్చట కలిసికొనుటకు సిద్ధపడునప్పుడు, వారు కోరుచున్నది మనుష్యప్రయత్నముచేత సిద్ధించునదా, లేక ప్రయత్నమున కతీతమైన యేదో యనుగ్రహముచేత లభించునదా యను ప్రశ్న, వినుటకు వయసువారి ముచ్చటగా తోచినను, మన వేదాంతులు శతాబ్దముల తరబడి తర్కించిన ప్రశ్నకు సోదరియే యని నా నమ్మకము. ఈశ్వరుని పొందుటకు జీవుడు చేయవలసిన దేమైన నున్నదా, ఉన్నచో ఎంత, అది ఫలమునకు కారణమా లేక నెపమాత్రమా యని వారడిగిరి. ప్రియజనుని పొందగోరువాడును అదే యడుగుచున్నాడు. రెండింటను కోరబడినది స్వతంత్రమైన చేతనము. వెల యిచ్చి తెచ్చుకొనదగిన వస్తువు కాదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

నన్నీ యాలోచనకు పురికొల్పినది తుమ్మలపల్లె. కడప జిల్లాలో, పులివెందులకు చేరువ, వేముల మండలమునందున్న యీ పల్లె పేరు నేడు దేశమున పలువు రెరుగుదురు. ఏలయన దాని నేలక్రింది డోలమైటు రాతిపొరలలో యురేనియమున్నదని తెలిసి, 2007లో గనికిని కర్మాగారమునకును శంకుస్థాపన జరిగి, 2012లో ఉత్పత్తి ఆరంభమైనది. అంతకు మునుపు ఆ చుట్టుపట్ల సంపద యనగా వేరుసెనగ, చీనీతోటలు, అరటి. వాన కురిసిన యేడు పంట, కురియని యేడు వలస. ఇప్పుడు వానతో నిమిత్తము లేకుండగనే పిల్లలు చదువులకును కొలువులకును కడపకు, బెంగుళూరునకు, హైదరాబాదునకు పోవుచున్నారు. పోయినచోట తమ తోడును తామే వెదకికొనుచున్నారు. ఆ పల్లెవాడును నాకు వరుసకు కొడుకును అగు నొక యువకుడు, బెంగుళూరున ఉద్యోగము చేయుచు, కడపలో ఒక బడిలో పాఠములు చెప్పు యువతితో కొన్ని మాసములుగ ఫోనులో సంభాషించుచుండి, ఆమెను తొలిసారి కలిసికొనుటకు ఒక ఆదివారపు సాయంకాలమును నిశ్చయించుకొని, నాయొద్దకు వచ్చి, "పెద్దనాయనా, యాడ కూచోవాల, ఏం తినాల, ఏం మాట్లాడాల, ఏమీ తెలీడంలేదు. ఏదన్నా తప్పు చేస్తానేమోనని భయంగా ఉండాది" అనెను. వాని భయమును నేను గౌరవించితిని. పవిత్రమైన దానియెదుట నిలువబోవువానికే యట్టి భయము కలుగును.

మా తరమువారికి ఈ భయము లేకుండెను. ఏలయన మాకు ఈ సాయంకాలమే లేకుండెను. పెండ్లిచూపు లుండెను. నడవలో చాప పరచి, మగపెండ్లివారిని కూర్చుండబెట్టి, పళ్ళెములో లడ్లును కారాలును పెట్టి, లోపలినుండి పిల్లను పిలిచెడివారు. ఆమె తలవంచుకొని వచ్చి, పెద్దలకు నమస్కరించి, చాప యంచున కూర్చుండి తన కాలివ్రేళ్ళను చూచుకొనుచుండెడిది. "ఏం చదివినావు పాపా?" అని యొకరు, "ఒక పాట పాడు పాపా" అని మరియొకరు అడుగుదురు, నడక చూడగోరి నీళ్ళు తెమ్మని పంపువారును లేకపోలేదు. పిల్లవాడు ఓరకంట చూచెడివాడు. ఆమెకు ఆ మాత్రమును లేదు. ఆ పద్ధతిని సర్వథా నిందింప నాకు మనసొప్పదు. వంశమును, నడవడిని, అప్పులను, ఇంటి యాడువారి సుఖదుఃఖములను పెద్దలు పదిచోట్ల విచారించి తెలిసికొనెడివారు. ఆ విచారణచేత రక్షింపబడిన బిడ్డలెందరో కలరు. కాని అందొక గొప్ప లోపమున్నది: ఆమె చూపబడెడిదే గాని చూచెడిది కాదు. చూచు నధికారము ఒకవైపుననే యుండి, చూపబడు భారము మరియొకవైపుననే యున్నచోట, అచ్చట జరిగినది ఇద్దరి సమాగమ మనుటకు వీలులేదు. నగరమునందలి యీ క్రొత్త సాయంకాలము, దాని తక్కిన దోషములెన్ని యున్నను, ఈ యొక్క విషయమున పాతదానికంటె ధర్మసమ్మతమని నేను నిస్సంకోచముగ చెప్పగలను.

ఇట్టి కోర్కె యసలు ఆధ్యాత్మిక చింతనకు తగునా యని శంకించువారు కలరు. బృహదారణ్యకోపనిషత్తు వారికి సమాధానము చెప్పుచున్నది. ఆదియందు ఆత్మ యొక్కటియే యుండెననియు, ఒంటరితనమున దానికి సంతోషము లేకుండెననియు, అందుచేత రెండవదానిని కోరెననియు ఆ యుపనిషత్తు సృష్టిని వర్ణించుచున్నది. తోడును కోరుట పతనమని అది చెప్పలేదు. ఆ గ్రంథమునందే యాజ్ఞవల్క్యుడు గృహమును విడువబోవుచు తన ధనమును పంచ నుద్యుక్తుడై, ధనమువలన అమృతత్వము కలుగునా యని ప్రశ్నించిన మైత్రేయితో, భర్త ప్రియుడగుట భర్తకొరకు గాక ఆత్మకొరకనియు, భార్యయు అట్లే యనియు బోధించును. దీనిని స్వార్థబోధగ గ్రహించినవారిని నేనెరుగుదును. నాకు తోచునర్థము వేరు. ఎదుటివానియందు నాకు ప్రియమైనది వాని రూపము కాదు, జీతము కాదు, కులము కాదు. నాయందును వానియందును ఏకమై వెలుగు నాత్మయే ప్రియము. అట్లు గ్రహించినవానికి ఎదుట కూర్చున్న మనిషి తన కోర్కెకు సాధనముగ కనబడుట సాధ్యము కాదు.

ఇక ప్రయత్నానుగ్రహముల విచారము. ఈ విచారమునకు మా సీమ పరాయిది కాదు. నల్లమలలోని అహోబిలమున ఆదివన్ శఠగోప యతి నెలకొల్పిన మఠము శ్రీవైష్ణవులలో వడగలై సంప్రదాయమునకు ముఖ్యస్థానము. తాళ్ళపాక అన్నమాచార్యుడు ఆ యతియొద్దనే వేదాంతమభ్యసించెనని ఆయన చరిత్ర చెప్పుచున్నది. శ్రీవైష్ణవమునందలి రెండు శాఖలవారును మోక్షమునకు భగవత్కృపయే కారణమని యంగీకరింతురు. భేదమంతయు జీవుని పాత్రను గూర్చియే. పిల్లి తన కూనను నోట కరచుకొనిపోవునట్లు భగవంతుడే జీవుని గైకొనునని తెంగలైవారు, కోతిపిల్ల తల్లిని పట్టుకొని యుండవలసినట్లు జీవునకును కొంత కృత్యమున్నదని వడగలైవారు చెప్పుదురు. అయినను వడగలైవారు ఆ కృత్యమును మోక్షమునకు మూల్యముగ నెన్నడును చెప్పలేదు. అది వ్యాజమాత్రము, కృప ప్రసరించుటకు ఒక నెపము. నేనింత చేసితిని గావున నాకింత రావలెనను లెక్కకు అచ్చట తావులేదు.

తొలి సాయంకాలమును గూర్చిన సమస్త ధర్మమును ఈ సిద్ధాంతమునుండి గ్రహింపవచ్చునని నేను తలంతును. ఏర్పాటు చేయవలసినదే, స్థలమును, వేళను, వస్త్రమును, మాటను శ్రద్ధతో ఎన్నుకొనవలసినదే. శ్రద్ధ లేనివానికి కోర్కె యున్నదని నమ్ముట కష్టము. కాని ఆ యేర్పాటు ఫలమునకు కారణము కాదు. ఇంత ఖర్చుపెట్టితిని, ఇంత దూరము వచ్చితిని, ఇంత మర్యాద చూపితిని, కావున ఆమె నన్ను మెచ్చుకొనవలసియున్నదని తలచిన క్షణముననే ప్రియజనుడు ఋణగ్రస్తుడగుచున్నాడు, అనురాగము వసూలగుచున్నది. నేటి నగరములలో ఈ దురభిప్రాయము యువకుల మనస్సులలో ఎంత గాఢముగ నాటుకొన్నదో చూచి నేను దుఃఖించుచుందును.

మన యాలంకారికులు అష్టవిధ నాయికలలో వాసకసజ్జికను చెప్పిరి. ప్రియుడు వచ్చునని విని, గృహమును అలంకరించుకొని, తానును అలంకరించుకొని, ద్వారమువైపు చూచుచు నిలిచిన స్త్రీ ఆమె. రాజంపేట చేరువనున్న తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుని సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించినపుడు అధ్యాత్మమనియు శృంగారమనియు రెండు విధములుగ విభజించిరి. అందు శృంగారసంకీర్తనములే మిక్కిలి యెక్కువ. భక్తుడు పురుషుడైనను, ముదుసలియైనను, అచ్చట నాయికాభావమునే వహించును. వాసకసజ్జిక చేయు ప్రయత్నమునకు లోటు లేదు. ఆమె దీపమును సరిచేయును, పూలను సవరించును, పడకను సిద్ధపరచును. ఇన్నియు చేసి, వచ్చుటయు రాకుండుటయు ఆయన యిచ్ఛకు వదలును. రానిచో విరహమో, కోపమో, కన్నీరో కలుగును. కాని ద్వారము దాటి పోయి ఆయనను బంధించి తెచ్చుట ఆమె ధర్మము కాదు. నా కొడుకు వరుస పిల్లవానికి నేను చెప్పదలచినది ఇదియే: నీవు మగవాడవైనను ఆ సాయంకాలమునకు వాసకసజ్జికవు కమ్ము.

అయితే సజ్జకును వేషమునకును నడుమ గల సరిహద్దు అతిసూక్ష్మము. ఆ పిల్లవాడు తన యేర్పాటులను నాకు వినిపించెను. స్నేహితుని గడియారము, అద్దెకు తీసికొన్న కారు, తానెన్నడును అడుగుపెట్టని యొక ఖరీదైన హోటలు. తండ్రి బోరుబావులకై చేసిన యప్పును గూర్చి ఇప్పుడు చెప్పక, తరువాత మెల్లగ చెప్పుదునని యనుకొనినాడట. అప్పుడు నాకు అల్లసాని పెద్దన జ్ఞప్తికి వచ్చెను. మా కడప సీమలోని కోకటము ఆయనకు అగ్రహారమైన గ్రామమందురు. ఆయన మనుచరిత్రమున ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపముతో హిమాలయమునకు పోయి, లేపము మంచున కరగిపోగా దారితప్పి, వరూధినిని త్రోవ యడుగును. ఆమె యతనిని వలచును. అతడు వలదని, అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరును. తెలుగువారు ఈ ఘట్టమును ప్రవరుని నిగ్రహమునకై కొందరును, వరూధిని వేదనకై కొందరును తలచుకొందురు. నన్ను కలచునది దాని తరువాతి భాగము. పూర్వము ఆమెచే తిరస్కృతుడైన గంధర్వుడొకడు ప్రవరుని రూపము ధరించి వచ్చి ఆమెను పొందును. మార్కండేయపురాణమునందలి మూలకథలో అతడు సమాగమవేళ ఆమె కన్నులు మూసికొనవలెనని నియమము పెట్టును. ప్రవరుడు ఆమెకు దుఃఖమునే యిచ్చెను. కాని తానెవ్వడో దాచలేదు, ఆమె కన్నులను మూయుమనలేదు. గంధర్వుడు సుఖమునిచ్చెను, ఆ సుఖమంతయు మరియొకనిపై ఆమెకు గల ప్రేమను దొంగిలించి యిచ్చినది. నిజమైన తిరస్కారము కపటమైన స్వీకారముకంటె గౌరవప్రదమని నేను గట్టిగ విశ్వసింతును. తెచ్చిపెట్టుకొన్న రూపముతో తొలి సాయంకాలమునకు పోవువాడు ఎదుటివ్యక్తిని కన్నులు మూసికొమ్మనుచున్నాడే గాని చూడుమనుట లేదు.

వేషముతో వచ్చిన అర్జునుని సంగతి యేమని అడుగవచ్చును. అన్నమాచార్యుని భార్యయైన తిమ్మక్క, తెలుగున కావ్యము వ్రాసిన తొలి కవయిత్రిగ పేరొందినది, సుభద్రాకల్యాణమును రచించినది. ఆ కథలో అర్జునుడు యతివేషమున ద్వారకకు వచ్చును. సుభద్ర అతనికి పరిచర్య చేయును. కాని సుభద్ర అర్జునుని గూర్చి విని ముందుగనే మనసిచ్చినది. అతడు తానెవ్వరో ఆమెకు ఎరిగించిన పిమ్మటనే ఆమెను చేపట్టినాడు. ఆ వేషము అడ్డుపడువారి కొరకు. ఆమె కొరకు కాదు. పెద్దల యొత్తిడివలన పేరు దాచుకొని కలిసికొనవలసివచ్చిన జంటలు మా జిల్లాలో నేటికిని కలరు. వారిని నేను మాయాప్రవరులని యనను.

శకుంతల కథయు ఈ సందర్భమున తలపవలసినదే. దుష్యంతుడు ఆశ్రమమున తాను రాజునని చెప్పక, రాజోద్యోగి నన్నట్లుగ పరిచయము చేసికొన్నాడు. ఐదవ యంకమున, గాంధర్వవిధిని తాను చేపట్టిన ఆమెను ఎరుగనని రాజు పలికినపుడు, ఏకాంతమున చేయు స్నేహమును పరీక్షించి మరీ చేయవలెననియు, హృదయము తెలియని చోట స్నేహమే వైరముగ పరిణమించుననియు ఆమెతో వచ్చిన ఆశ్రమవాసి శార్ఙ్గరవుడు హెచ్చరించును. కాళిదాసు గాంధర్వమును నిందింపలేదు. పరీక్ష లేని గాంధర్వమును గూర్చి భయపడినాడు.

ధర్మశాస్త్రమునందును ప్రేమకు చోటు లేదనువారు మనువును సమగ్రముగ చదువని వారు. ఎనిమిది వివాహములలో పరస్పరేచ్ఛచేత జరుగు గాంధర్వమును ఆయన లెక్కించినాడు. నిద్రించుచున్న దానిని, మత్తునందున్న దానిని, ఒడలెరుగని దానిని సమీపించుట పైశాచమనియు, అన్నిటిలో అధమమనియు, పాపిష్ఠమనియు చెప్పినాడు. నగరపు హోటళ్ళలో తొలి పరిచయమునాడే మద్యమును బలవంతపెట్టు నలవాటు పెరుగుచున్న యీ కాలమున ఈ మాటను ప్రతి యువకుడును వినవలయును. వాత్స్యాయనుని కామసూత్రమును కేవల భోగగ్రంథముగ నెంచువారు మూడవ అధికరణమును తెరచి చూతురు గాక. పెండ్లియైన తరువాత సైతము తొలి మూడు రాత్రులు దంపతులు బ్రహ్మచర్యముతో నుండవలెననియు, స్త్రీ పుష్పసుకుమారమైన స్వభావము కలది గావున ఆమెకు విశ్వాసము కుదురకమునుపే బలాత్కరించిన యెడల పురుషుని సాంగత్యమునే ద్వేషించుననియు ఆయన యచ్చట హెచ్చరించుచున్నాడు. సర్వభోగములను వర్ణించిన యాచార్యుడే విశ్వాసమునకు ఇంత కాలము నిచ్చినపుడు, ఒక్క సాయంకాలమున సమస్తమును తేల్చుకొనవలెనను మన యాతురత యెక్కడిది?

ఇన్ని గ్రంథములను చెప్పి విడిచినచో ఆ పిల్లవానికి ఉపయోగమేమి? కావున అతనితో నేను చేసిన యేర్పాటును గూడ ఇచ్చట వ్రాయుచున్నాను. అద్దె కారు వలదు, పులివెందుల బస్సు చాలును. స్థలమును ఆమెనే ఎన్నుకొననిమ్ము. అది ఆమెకు తెలిసిన చోటై, నలుగురు తిరుగుచుండు చోటై, ఆమె తలచినపుడు లేచిపోవుటకు వీలైన చోటై యుండవలెను. వెలుతురుండగనే కలిసికొనుము. ఆమె దేవుని కడప గుడిని ఎన్నుకొన్నది. పిమ్మట ఏడురోడ్ల కూడలికి వచ్చి ఒక చిన్న హోటలులో కారందోశ తినవచ్చునని చెప్పినది. ఎర్రకారము పూసి, పప్పులపొడి చల్లి, పెనముమీదినుండి తీసి పెట్టిన దోశను తినుచు ఎవ్వరును చాలసేపు కపటముగ కూర్చుండలేరు; కన్నులవెంట నీరు కారును, ముక్కు తుడుచుకొనవలసివచ్చును, నవ్వు వచ్చును. ఖరీదైన హోటలులో లేని సత్యము అచ్చట కలదు. బోరుబావుల యప్పు సంగతి ఆ సాయంకాలముననే చెప్పుమంటిని. ఆమె చెప్పునది వినుము, విన్నదానిని మరల ఆమెపై ప్రయోగింపకుము. ఇల్లు చేరితినని ఆమె చెప్పువరకు కనిపెట్టియుండుము. మరుసటి మాటను గూర్చి తొందరపెట్టకుము. ఆమె వలదన్నచో, కారణ మడుగకుము.

దేవుని కడపను ఆమె ఎన్నుకొనుట నాకు మిక్కిలి నచ్చినది. ఆ శ్రీలక్ష్మీవేంకటేశ్వరుని గుడికి ఉగాదినాడు మహమ్మదీయులు వచ్చి కొబ్బరికాయలు కొట్టి పూజలు చేయింతురు. బీబీ నాంచారిని చేపట్టిన స్వామి తమకు అల్లుడని వారి భావన. అహోబిలమున నరసింహుడు చెంచులక్ష్మిని వరించి చెంచువారికి ఇంటివాడైనాడు. ఏటేట కనుమనాటినుండి 40 దినములకు పైగా పల్లకిలో పల్లెపల్లెకు పోయి తన కల్యాణమునకు జనులను తానే స్వయముగ పిలుచును. దానిని పారువేట యందురు. చెంచులక్ష్మి కథను ఆడుచు పాడుచు వచ్చినవారు ఆమెచేత ఆ దేవుని పరీక్షింపజేసిరి. చెట్టెక్కగలవా, అడవిలో మావలె బ్రదుకగలవా యని ఆమె యడుగుచుండగా, హిరణ్యకశిపుని చీల్చినవాడు తలయొగ్గి నిలిచినాడు. నాకు ఇందు కనబడు తత్త్వము గొప్పది. సర్వశక్తుడు సైతము ప్రేమవిషయమున తన శక్తిని ఉపయోగింపలేదు. తానే వచ్చెను, తానే యడిగెను, ఆమె యొప్పుకొనువరకు నిలిచెను. కులము, మతము, కొండకోన యను ఎల్లలను దాటిపోయి వరించిన దేవతలను పల్లకిలో మోయుచు, ఇంటిలో బిడ్డ అట్లు వరించినచో తలుపు మూయుట ఏ భక్తి యగును? ఆ రెండును ఒక గుండెలో ఎట్లు నిలుచుచున్నవో నాకు బోధపడదు.

పిల్లలిద్దరును కలిసికొనిరి, మాటలాడుకొనిరి. ఆ మీది సంగతి వారిది; దానిని నేనడుగలేదు, ఇచ్చట వ్రాయుటయు ధర్మము కాదు.

మా పులివెందుల, జమ్మలమడుగు, కడప ప్రాంతములందలి తల్లిదండ్రులకు నా మనవి యొక్కటి యున్నది. మీ బిడ్డ నగరమున ఒకరిని చూడబోవుచున్నానని మీతో చెప్పగల ధైర్యమును మీరే వానికి, ముఖ్యముగ ఆడుబిడ్డకు, ఇండు. చెప్పినపుడు కులమేమని మొదట అడుగకుడు. ఎచ్చట కలిసికొనుచున్నావు, ఏ బస్సునకు తిరిగి వచ్చెదవు, రాత్రి భోజనము ఉంచవలెనా యని అడుగుడు. మీతో చెప్పి పోయిన బిడ్డ, అచ్చట ఏదైన తేడా కనబడినచో, మీయొద్దకే తిరిగి వచ్చును.